రొయ్యలు – ఈస్టు – రోగనిరోధము

వంకాయను కోసి నీటిలో వేయక కొంతసేపు ఉంచినచో ముక్కలు నల్లబడుట ప్రతి ఇంటివారును ఎరిగినదే. పట్టిన రొయ్యలను మంచులో సరిగా కప్పక ఉంచినను తల, తోక, కాళ్ళ మొదళ్ళు నల్లబడును. అట్టి రొయ్యకు బజారులో ధర పడిపోవును. కుళ్ళిపోయినదని కొనువారు తలంతురు. నిజమునకు ఆ నలుపు కుళ్ళు కాదు. వంకాయలోను రొయ్యలోను ఒకే విధమైన పని చేయు ఎంజైములు కలవు. గాలిలోని ఆమ్లజని సాయమున ఫీనాలులను మార్చి, చివరకు మెలనిన్ అను నల్లని పదార్థమును అవి ఏర్పరచును. చచ్చిన రొయ్యలో ఇది వర్తకునకు నష్టము. బ్రతికియున్న రొయ్యకు మాత్రము ఇదియే ముఖ్యమైన ఆయుధము.

ఈ ఆయుధమును ఈస్టు, బూజు, పుట్టగొడుగుల గోడలలోనుండు ఒక చక్కెర పదార్థము ఎట్లు మేల్కొలుపునో శాస్త్రజ్ఞులు ఎట్లు తెలిసికొనిరి? ఆ జ్ఞానము రొయ్యల చెరువులకు ఎట్లు చేరినది? చేరిన పిదప ఎంతవరకు ఉపకరించినది? ఈ మూడు సంగతులను వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. ఒకమారు తట్టు సోకి తగ్గిన బిడ్డకు అది సాధారణముగా మరల రాదు. మన రక్తములోని కొన్ని కణములు ఆ వైరస్‌ను గుర్తుంచుకొని, దానికి మాత్రమే సరిపోవు ప్రతిరక్షకములను తయారు చేయుటయే ఇందుకు కారణము. టీకాల మర్మమంతయు ఈ జ్ఞాపకశక్తిలోనే ఉన్నది. రొయ్య, పీత, కీటకము వంటి ప్రాణులలో ప్రతిరక్షకములు లేవు, వానిని తయారు చేయు లింఫు కణములును లేవు. కావున మనకు వేయు తీరున రొయ్యకు టీకా వేయుట సాధ్యము కాదు. అట్లని రొయ్య నిరాయుధ కాదు. దాని రక్తరసములో తిరుగు కణములు శత్రువును మ్రింగును, లేదా గుంపుగా చుట్టుముట్టి బంధించును, లేదా మెలనిన్‌తో కప్పి చంపును. ఇవి ఫలానా రోగమునకని ఏర్పడినవి కావు. ‘ఇది నా శరీరములోనిది కాదు’ అని తెలియగానే లేచి పనిచేయును.

అట్లు తెలియుటకు గుర్తు ఏమి? ఈ ప్రశ్నకు తొలి మెట్టు వేసినవాడు రష్యా దేశపు జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికాఫ్. 1882 చివర సిసిలీ ద్వీపమునందలి మెస్సినా నగరములో, పారదర్శకమైన నక్షత్రచేప డింభకములో అతడు గులాబిముల్లు గ్రుచ్చి, మరునాడు ఆ ముల్లు చుట్టును తిరుగాడు కణములు గుమిగూడుట చూచెను. ఈ కథ పాఠ్యపుస్తకములలో తరచు కనబడును. దానికి తరువాయిగా 1884లో ప్రకటించిన పరిశోధన మన విషయమునకు మరింత దగ్గర. మంచినీటి మడుగులలో డాఫ్నియా అను చిన్న ప్రాణి కలదు. ఈ ప్రాణి రొయ్యకు దూరపు బంధువు. దాని శరీరము గాజువలె ఉండుటచే లోపల జరుగు సర్వమును సూక్ష్మదర్శినిలో చూడవచ్చును. దీనికి ఒక ఈస్టు రోగము వచ్చును. సూదివంటి ఆ ఈస్టు బీజములు మేతతో కడుపులోనికి పోయి, ప్రేగు గోడను చీల్చుకొని రక్తములోనికి దూరును. అప్పుడు డాఫ్నియా కణములు ఆ సూదులను చుట్టుకొని కరగించివేయుట మెచ్నికాఫ్ కన్నులార చూచెను. కణములు గెలిచిన డాఫ్నియా బ్రతికెను. ఈస్టు గెలిచినచో అది లోపల మొలకెత్తి, పెరిగి, ప్రాణి పాలవలె తెల్లబడి చచ్చెను.

ముల్లు ప్రాణము లేని వస్తువు. ఇచట సహజమైన రోగకారియే శత్రువు. కణభక్షణ సిద్ధాంతమునకు బలమైన ఆధారము ఇట్లు రొయ్య వంశమునకు చెందిన ఒక ప్రాణి, ఒక ఈస్టుల పోరాటములో దొరికినది. 1908లో పాల్ ఎర్లిఖ్‌తో కలసి మెచ్నికాఫ్ నోబెల్ బహుమతిని పొందెను. అయినను మ్రింగు కణము ఈస్టును ఈస్టుగా ఎట్లు ఎరుగునో అప్పటికి తెలియలేదు.

తరువాతి మెట్టును యూరప్‌లోని ఒక పెద్ద నష్టము వేయించినది. అక్కడి నదులలో, సరస్సులలో క్రేఫిష్ అను ప్రాణి ఉండును. రొయ్య వంటి ఒడలు, పీత వంటి డెక్కలు గల మంచినీటి ప్రాణి అది. సుమారు 1860లో ఇటలీలో ఈ క్రేఫిష్‌లు గుంపులు గుంపులుగా చచ్చుట మొదలయ్యెను. ఆ తెగులు దేశము వెంట దేశమునకు వ్యాపించి 1907లో స్వీడన్ చేరెను. ఆ దేశములో క్రేఫిష్ విందు లేని ఆగస్టు మాసము లేదందురు. అట్టిచోట సరస్సులు ఒకదాని వెంట ఒకటి ఖాళీ అయ్యెను. రోగకారి ఒక నీటి బూజు. దాని పేరు అఫనోమైసిస్ అస్టాసై. (నేటి వర్గీకరణలో ఇది నిజమైన శిలీంధ్రముల కోవకు చెందదు. కాని రూపములోను, బ్రతుకు తీరులోను బూజు వంటిదే. గోడలో శిలీంధ్రములకుండు చక్కెర పదార్థమే దీనికిని కలదు. కావున మన కథకు అడ్డు లేదు.)

ఇందులో ఒక వింత ఉన్నది. యూరప్ క్రేఫిష్‌ను నిశ్శేషముగా చంపు ఈ బూజు, ఉత్తర అమెరికా క్రేఫిష్‌ను సాధారణముగా చంపజాలదు. అమెరికా క్రేఫిష్ పెంకులో బూజు పోగు చొచ్చినంతనే దాని చుట్టును మెలనిన్ నల్లగా కమ్మి దానిని అక్కడనే నిలిపివేయును. యూరప్ క్రేఫిష్‌లోను మెలనిన్ ఏర్పడకపోదు. కాని ఆలస్యముగా, చాలీచాలక ఏర్పడును. గెలుపు ఓటములు ఆయుధము ఉండుట లేకుండుటలపై కాక, అది లేచు వేగముపై ఆధారపడినవన్నమాట. రొయ్యల మేతలో ఈస్టు పదార్థములు కలుపుటకు గల తర్కమంతయు ఈ ఒక్క వాక్యములో ఇమిడియున్నది.

స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయములో టోర్గ్‌ని ఉనెస్టామ్, అతని శిష్యుడు కెన్నెత్ సోడర్‌హాల్ ఈ చిక్కును విప్పుటకు పూనుకొనిరి. సజీవమైన బూజు అక్కరలేదనియు, శిలీంధ్రపు గోడనుండి నీటిలో కరగివచ్చిన తునకలే క్రేఫిష్‌లో రక్షణ చర్యలను రేపుననియు వారు 1977లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. ఆ తునకలు బీటా-1,3-గ్లూకాన్ అను చక్కెర గొలుసులు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఇట్లు చెప్పవచ్చును. గ్లూకోజ్ అణువులనే ఒక తీరున గొలుసు కట్టిన బియ్యపు పిండి అగును, మరియొక తీరున కట్టిన ప్రత్తి నూలు అగును, ఇంకొక తీరున కట్టిన ఈస్టు గోడలోని గ్లూకాన్ అగును. ఇటుక ఒకటే, కట్టడము వేరు. ప్రత్తిలోనిది బీటా-1,4 ముడి, ఈస్టులోనిది ప్రధానముగా బీటా-1,3 ముడి. క్రేఫిష్ రక్తము ఈ ముడిని కనిపెట్టును. 1979లో ప్రకటించిన పరీక్షలలో ఇతర చక్కెర గొలుసులు పనిచేయలేదు. బీటా-1,3 ముడి గల గొలుసులు, అవి కనీసము 5 గ్లూకోజ్ అణువుల పొడవున్నపుడు, పనిచేసెను. జంతు శరీరము ఈ గ్లూకాన్‌ను తయారు చేయదు. కావున అది రక్తములో కనబడినదనగా పరాయి వాడెవడో లోపల దూరినట్లే. మెచ్నికాఫ్ నాటి ప్రశ్నకు సుమారు శతాబ్దము పిదప లభించిన సమాధానమిది.

తరువాతి పరిశోధనలలో మిగిలిన యంత్రాంగము ఒక్కొక్కటిగా బయటపడెను. రక్తరసములో గ్లూకాన్‌ను పట్టుకొను ప్రత్యేకమైన ప్రొటీన్ ఉన్నది. అది గ్లూకాన్‌తో కూడి రక్తకణములకు అంటుకొనగా, కణములు తమ లోపలి రేణువులను బయటికి విడుచును. ఆ రేణువులలో నిద్రాణముగా ఉన్న ప్రోఫీనాల్ ఆక్సిడేజ్ అను ఎంజైము వరుసగా కొన్ని మార్పులు పొంది మేల్కొని మెలనిన్‌ను పుట్టించును. మొదట చెప్పిన రొయ్య తల నలుపు దీని పనియే. ఇట్టి ప్రొటీన్ రొయ్యలోను ఉన్నదని 1996లో మెక్సికో శాస్త్రజ్ఞులు ఉప్సలావారితో కలసి, పెనియస్ కాలిఫోర్నియెన్సిస్ అను రొయ్యపై పనిచేసి చూపిరి. అనగా క్రేఫిష్‌లో నేర్చిన పాఠము రొయ్యకును వర్తించును.

ఇది ఒక పాయ. రెండవ పాయ వైద్యశాస్త్రమునుండి వచ్చినది. 1940 దశాబ్దము తొలినాళ్ళ నుండియే అమెరికాలో లూయీ పిల్లెమర్ మొదలగువారు ఈస్టు గోడల నుండి తీసిన జైమొసాన్ అను పొడిని రక్తపరీక్షలలో వాడుచుండిరి. దీనిని ఎక్కించిన జంతువులలో భక్షక కణములు చురుకగుట కనబడెను. అందు అసలు పనిచేయునది గ్లూకానేయని 1961లో రిగ్గి, డి లూజియో అనువారు తేల్చిరి. 1969లో జపాన్‌లో గోరో చిహారా బృందము షిటాకే పుట్టగొడుగు నుండి లెంటినాన్ అను గ్లూకాన్‌ను తీసి, అది ఎలుకలలో కంతుల పెరుగుదలను అరికట్టుటను ప్రకటించెను. 1990లో నార్వే శాస్త్రజ్ఞులు సాధారణమైన రొట్టె ఈస్టు గ్లూకాన్‌ను సాల్మన్ చేపలకు ఎక్కించి, విబ్రియో జాతి బాక్టీరియా రోగములను అవి మెరుగుగా తట్టుకొనుట చూపిరి. చేపల పెంపకములోనికి గ్లూకాన్ ఇట్లు ప్రవేశించినది. రొయ్యల పెంపకమునకు ఇక ఒక్క అడుగు దూరము.

ఆ అడుగు కష్టకాలములో పడినది. టైగర్ రొయ్యల పెంపకములో 1980 దశాబ్దమున తైవాన్ ప్రపంచమునకే మార్గదర్శి. 1987 నుండి 1988కి ఒక్క ఏడాదిలో అక్కడి దిగుబడి సగమునకు పైగా పడిపోయినది. వైరస్, విబ్రియో, మురికిపట్టిన నీరు, మితిమీరిన సంఖ్యలో పిల్లలను వదలుట అన్నియు కలసి చేసిన పని అది. మందులు పనిచేయుట మానినవి. ఆ స్థితిలో తైపేలోని పరిశోధకులు టైగర్ రొయ్యలను ఈస్టు గ్లూకాన్ కలిపిన నీటిలో కొంతసేపు ఉంచి, పిదప వానికి విబ్రియోను సోకించి చూచిరి. 1994లో ప్రకటించిన ఆ ఫలితము ప్రకారము గ్లూకాన్ నీటిలో ఉంచిన రొయ్యలు రోగమును మెరుగుగా తట్టుకొన్నవి. కాని ఆ శక్తి కొద్ది వారములు మాత్రమే నిలిచినది. మొదటి వాక్యమును మందుల వ్యాపారులు వెంటనే అందుకొనిరి. రెండవ వాక్యమునకు అంత ప్రచారము రాలేదు.

అదే 1994లో ఆంధ్ర తీరమునందలి చెరువులకు తెల్లమచ్చల వ్యాధి సోకెను. ఇది వైరస్ వ్యాధి. 1992 ప్రాంతమున తూర్పు ఆసియాలో మొదలై రెండేండ్లలో మన దేశమునకు చేరినది. పెంకుపై తెల్లని మచ్చలు కనబడిన నాటినుండి వారము పది దినములలో చెరువు చెరువంతయు చచ్చును. వరి చేలను చెరువులుగా మార్చినవారు, అప్పు తెచ్చి మేత కొన్నవారు ఒక్క పంటతో కూలిపోయిరి. ఈ వ్యాధికి నేటికిని మందు లేదు. వైరస్‌పై ఏంటీబయాటిక్కులు పనిచేయవు. అయినను దిక్కు తోచక వానిని వాడినవారు కలరు. వాని అవశేషములున్న రొయ్యను కొను దేశములు త్రిప్పి పంపగా, పిమ్మట పెక్కు ఏంటీబయాటిక్కులు రొయ్యల పెంపకమున నిషేధింపబడినవి. ‘రోగనిరోధక శక్తిని పెంచును’ అను పేరుతో ఈస్టు పొడులు అంగళ్ళలో నిండుటకు ఇది వెనుకటి కారణము.

తెల్లమచ్చల వ్యాధిలో గ్లూకాన్ ఏమి చేయగలదు? 1999లో తైవాన్‌లో జరిగిన పరీక్ష ఇందుకు మంచి సాక్ష్యము. స్కిజోఫిల్లమ్ కమ్యూన్ అను శిలీంధ్రము నుండి తీసిన గ్లూకాన్‌ను కిలో మేతకు 2 గ్రాముల చొప్పున కలిపి టైగర్ రొయ్యలకు పెట్టి, పిదప వైరస్‌ను సోకించిరి. (మన ఊళ్ళలో వాననాడు ఎండు మోడులపై విసనకర్రవలె మొలచు చిన్న తెల్లని పుట్టగొడుగు ఈ స్కిజోఫిల్లమే.) గ్లూకాన్ తినని రొయ్యలన్నియు చచ్చెను. తినిన వానిలో, కొంత ఎదిగిన రొయ్యలలో, నూటికి సుమారు 20 బ్రతికెను. పరిశోధకునకు ఇది గొప్ప ఫలితము. సున్నకును ఇరువదికిని గల భేదము యాదృచ్ఛికము కాదు. రైతునకు మాత్రము నూటికి ఎనుబది చచ్చిన చెరువు చచ్చిన చెరువే. ఈ రెండు దృష్టులును సత్యములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట మాత్రము శాస్త్రము కాదు.

పోనీ, మేతలో ఎల్లప్పుడును కలిపి పెట్టినచో? ఇచట చరిత్ర ఒక ఊహింపని మలుపు తిరిగినది. అదే శిలీంధ్రపు గ్లూకాన్‌ను తల్లి రొయ్యలకు 40 దినములు ఎడతెగక పెట్టి, 2000లో ఫలితములు ప్రకటించిరి. రక్తకణముల మ్రింగు శక్తి మొదలగు లక్షణములు కొన్ని వారములు హెచ్చి, 40వ దినము నాటికి మరల తగ్గినవి. కారణము ఆలోచించిన తెలియును. రక్షణ చర్య అనగా రక్తకణములు రేణువులను వెదజల్లుట, విషప్రాయమైన రసాయనములను పుట్టించుట. ఆ రసాయనములు శత్రువుతోపాటు సొంత కండరమునకును కొంత చేటు చేయును. పైగా ఈ పనికి కావలసిన శక్తి పెరుగుదలకు పోవలసిన మేతనుండియే రావలెను. శత్రువు లేకయే రేయింబవళ్ళు నగారా మ్రోగించిన ఊరివారు అలసిపోవుదురు.

ఈ లెక్కను మన దేశములోనే, కొచ్చిన్ విశ్వవిద్యాలయములో శ్రద్ధగా వేసిరి. టి. పి. సజీవన్, రోసమ్మ ఫిలిప్, ఐ. ఎస్. బ్రైట్ సింగ్ అనువారు సముద్రజలమునుండి వేరుచేసిన కేండిడా సేక్ అను ఈస్టును మన తీరపు తెల్ల రొయ్యకు మేతలో కలిపి పెట్టి 2006లో ఫలితము ప్రకటించిరి. మేతలో సుమారు పదవ వంతు ఈస్టు ఉన్నపుడు ఫలితము మేలుగా ఉండెను. 2009లో వారు ఇంకొక అడుగు వేసి, ఎంత పెట్టవలెనను దానితోపాటు ఎన్నిదినముల కొకమారు పెట్టవలెనను ప్రశ్నను పరీక్షించిరి. ఈస్టునుండి తీసిన గ్లూకాన్ 0.2 శాతము కలిపిన మేతను దినదినము పెట్టుట కన్న 7 దినముల కొకమారు పెట్టినపుడు, తెల్లమచ్చల వైరస్ సోకిన రొయ్యలు మేలుగా నిలిచెను. నా దృష్టిలో ఈ విషయమున మన దేశమునుండి వచ్చిన మిక్కిలి ఉపయోగకరమైన ఫలితమిది. ఇది తక్కువ వాడుమని చెప్పిన ఫలితము, అమ్మువారికి అంతగా రుచింపకపోవచ్చును.

ఇచట ఒక పొరపాటును తొలగింపవలెను. కోస్తా జిల్లాలలో రైతులు తవుడు, బెల్లము, ఈస్టు కలిపి నీటిలో పులియబెట్టి ఆ రసమును చెరువులో చల్లుదురు. దీనివలన నీటిలోని మేలు చేయు సూక్ష్మజీవులు, రొయ్య తిను సన్నని ప్రాణులు వృద్ధియగును. పని మంచిదే. కాని ఇది చెరువు నీటికి చేయు సేవ. రొయ్య రక్తములోని కణములను లేపుటకు చేయు గ్లూకాన్ చికిత్సకును దీనికిని ఈస్టు అను పేరు తప్ప పోలిక స్వల్పము. ఈస్టు గోడ పై పొరలో మన్నన్ అను వేరు చక్కెర దట్టముగా ఉండును. గ్లూకాన్ దాని క్రింద దాగియుండును. కనుకనే పరిశోధకులు క్షారముతో ఉడికించి గ్లూకాన్‌ను వేరుచేయుదురు. ఏ ఈస్టు, ఎట్లు శుద్ధి చేసినది, ముడులు ఎట్టివి అనుదానిని బట్టి ఫలితము మారును. డబ్బాపై ‘ఈస్టు’ అని వ్రాసినంత మాత్రమున రెండు పొడులు ఒకటి కావు.

2009లో వనామి రొయ్యను పెంచుటకు మన దేశమున అనుమతి లభించినది. నాటినుండి టైగర్ రొయ్య వెనుకబడి, వనామి చెరువులు నెల్లూరు నుండి శ్రీకాకుళము వరకు వ్యాపించినవి. దేశములో పెంపకపు రొయ్య అత్యధిక భాగము ఆంధ్రప్రదేశ్‌నుండియే వచ్చుచున్నది. ఈ చెరువులలో తెల్లమచ్చలతోపాటు మరియొక శత్రువు చేరినది. దానిని రైతులు ఇ.హెచ్.పి. అందురు. థాయిలాండ్ శాస్త్రజ్ఞులు 2009లో దీనిని వర్ణించి పేరు పెట్టిరి. ఇది రొయ్యను ఒక్కసారిగా చంపదు. మేత తినుచునే రొయ్య ఎదుగక చిన్నదిగా నిలిచిపోవును. ఒకే చెరువులో పెద్దవి, చిన్నవి కలసి కనబడును. ఆశ్చర్యమేమనగా ఇది మైక్రోస్పొరిడియా అను తెగకు చెందిన జీవి. ఆ తెగ శిలీంధ్రముల కుటుంబములోనిదేయని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

ఈస్టుకు బంధువే అయినను దీని నడత వేరు. దీని బీజపు గోడ ప్రధానముగా కైటిన్, ప్రొటీన్లతో ఏర్పడినది. కైటిన్ అనగా రొయ్య పెంకులోనుండు పదార్థమే. బీజము సన్నని గొట్టమును ఈటెవలె విసరి, తన సారమును రొయ్య జీర్ణగ్రంథి కణము లోపలికే ఎక్కించి అక్కడనే పెరుగును. రక్తములో కాపలా తిరుగు కణములకు అది ఎదురుపడుట తక్కువ. గ్లూకాన్ ఎంత మేల్కొలిపినను కాపలావాడు వీధిలో నుండును, దొంగ ఇంటిలో నుండును. కావున ఇ.హెచ్.పి. విషయములో రైతునకు నేడు ముఖ్యమైన ఉపాయములు వేరు. రోగము లేని పిల్లలను పరీక్ష చేయించి తెచ్చుకొనుట, పంట తీసిన పిదప చెరువు అడుగును ఎండబెట్టి సున్నము చల్లుట వానిలో మొదటివి.

మెచ్నికాఫ్ డాఫ్నియాలో చూచిన ఆ సూది బీజముల ఈస్టునకు పిదప అతని పేరు మీదుగనే మెచ్నికోవియా బైకస్పిడేటా అను పేరు స్థిరపడినది. అది డాఫ్నియాతో ఆగలేదు. చైనాలో పెంచు మంచినీటి పీతలకు పాలవలె తెల్లబడి చచ్చు వ్యాధి వచ్చుచుండగా, పీత రక్తరసమును పరీక్షించిన శాస్త్రజ్ఞులకు కనబడినది ఆ ఈస్టే.